మన పేరుకు పూచీ ఎవరు?

(విదేశాలకు వెళ్లబోతున్నవారూ, కొత్తగా వెళ్లినవారూ కలుసుకున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

కొత్త దేశంలో ఉద్యోగంలో చేరిన మొదటి రోజున నా చేతికి ఒక ఫారం ఇచ్చారు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, చదువు, ఇలా అన్నీ గబగబా రాసుకుంటూ పోయాను. చివరి గడి దగ్గర కలం ఆగిపోయింది. ‘అత్యవసర పరిస్థితిలో ఎవరికి తెలియజేయాలి?’ అని ఉంది అక్కడ. దాని కింద మూడు గీతలు. పేరు, మీకు ఏమవుతారు, స్థానిక ఫోను నంబరు. ఆ ‘స్థానిక’ అన్న మాటను ఎవరో చేత్తో దిద్ది మరీ నల్లగా చేశారు.

ఆ ఊళ్లో నాకు ఒక్క మనిషి కూడా తెలియదు. చాలాసేపు ఆలోచించి, ఖాళీగా వదిలేస్తే బాగుండదని నా నంబరే రాశాను. ఆ కాగితాలు తీసుకున్నావిడ చూసి, చాలా మర్యాదగానే అడిగింది. ‘ఇది మీ నంబరే కదండీ. మీకే ఏమైనా అయితే ఎవరికి చెప్పాలి?’ నేను మాట్లాడలేకపోయాను. ఆవిడ నొచ్చుకుని, ఆ గడిలో పెన్సిలుతో ‘తర్వాత ఇస్తారు’ అని రాసుకుంది. ఆ పెన్సిలు రాత 14 నెలలు అలాగే ఉంది.

ఈ రోజు నన్ను మాట్లాడమన్నది విదేశాల్లో కొత్త జీవితం మొదలుపెట్టడంలో ఉండే కష్టాల గురించి. చలి, భాష, ఒంటరితనం, వీసా గురించి మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు. అవన్నీ నిజమే. కానీ ఇన్నేళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే, వాటన్నిటికీ మూలం ఒక్కటే అనిపిస్తుంది నాకు. మనం వదిలి వెళ్లేవాటిలో ఇల్లూ వాకిలీ కంటే పెద్దది మనల్ని ఎరిగినవాళ్లు. మన మాటకు పూచీ పడేవాళ్లు.

పుట్టి పెరిగినచోట ఈ పూచీ ఎలా పనిచేస్తుందో మనకు కనిపించదు. ఇల్లు అద్దెకు కావాలంటే ‘వాళ్లు నాకు తెలుసు, మంచివాళ్లే’ అని ఎవరో ఒక మాట అంటారు. పని కావాలంటే మన గురువుగారో, పాత సహోద్యోగో ఒక ఫోను చేస్తారు. జబ్బు చేస్తే డాక్టరుకు మన ఒంటి తత్వం ముందే తెలిసి ఉంటుంది. మనం ఒక మాట అంటే అది చెల్లుతుంది. ఎందుకు చెల్లుతుందని ఎప్పుడూ ఆలోచించం. విమానం దిగగానే మన దగ్గరున్న డబ్బు అక్కడ చెల్లదని అందరూ ముందే చెబుతారు, మార్చుకుని వెళతాం. మన మాట కూడా చెల్లదని ఎవరూ చెప్పరు. దాన్ని మార్చి ఇచ్చే దుకాణం కూడా ఎక్కడా ఉండదు.

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2024 నాటికి పుట్టిన దేశం కాకుండా మరో దేశంలో బతుకుతున్నవారు సుమారు 30 కోట్ల 40 లక్షల మంది. ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజున ఆ ఖాళీ గడి ముందు కూర్చున్నవాళ్లే.

మొదట ఇంటి సంగతి, బ్యాంకు సంగతి చెబుతాను. నేను అద్దె ఇల్లు అడిగితే ‘మీ అప్పుల చరిత్ర చూపించండి’ అన్నారు. నాకు అప్పులు లేవని గర్వంగా చెప్పాను. మా పెద్దవాళ్లు నేర్పిన సుగుణం అది. అక్కడ అదే లోపమైంది. అప్పు తీసుకుని సక్రమంగా తీర్చినవాడిని నమ్ముతారు కానీ, అసలు అప్పే చేయనివాడి గురించి వాళ్లకు ఏమీ తెలియదు. తెలియనివాడిని నమ్మరు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో చదివాక కోపం కొంత తగ్గింది. న్యూయార్క్‌లో లూయిస్ టాపన్ అనే పట్టు వ్యాపారి ఉండేవాడు. 1837లో వచ్చిన ఆర్థిక సంక్షోభంలో అప్పులిచ్చి దెబ్బతిన్నాడు. దూరప్రాంతాల నుంచి వచ్చి సరుకు అరువడిగే వర్తకుడు మంచివాడో కాదో న్యూయార్క్‌లో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? అందుకని 1841లో ఆయన ఒక సంస్థ పెట్టాడు. ఊరూరా ఉన్న వకీళ్లూ ఇతర పరిచయస్తులూ తమ ఊరి వర్తకుల గురించి ఆయనకు రాసి పంపేవారు. మనిషి నిజాయితీపరుడా, తాగుతాడా, బాకీలు తీరుస్తాడా అని. ఈనాటి అప్పుల చరిత్రకు తాత అదే. అంటే అది మొదటి నుంచీ ముక్కూ మొహం తెలియని మనిషికి పూచీ వెతికే ప్రయత్నమే. అప్పట్లో అది ఉత్తరాల్లో ఉండేది, ఇప్పుడు కంప్యూటర్‌లో అంకె అయింది. చిక్కేమిటంటే, ఆ అంకె సాధారణంగా దేశం సరిహద్దు దాటదు. 20 ఏళ్లు మచ్చ లేకుండా బతికినవాడు కూడా అక్కడ నిన్న పుట్టినవాడితో సమానం.

కాబట్టి చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వెళ్లేముందే పాత ఇంటి యజమాని దగ్గర, పాత ఉద్యోగంలోని పై అధికారి దగ్గర సంతకం, తేదీ, ఫోను నంబరుతో ఉత్తరాలు తీసుకోండి. అవి అన్నిచోట్లా పనిచేయకపోవచ్చు. కానీ బల్లకు అవతల కూర్చున్న మనిషి కాస్త మెత్తబడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అక్కడికి చేరాక, డిపాజిట్ కట్టి తీసుకునే క్రెడిట్ కార్డు లాంటిది ఉంటే, చిన్నదే తీసుకుని, నెలనెలా పూర్తిగా కట్టేయండి. ఫోను బిల్లు, కరెంటు బిల్లు మీ పేరునే ఉండనివ్వండి. మీ పేరు మీద ఇంకొకరికి అప్పు ఇప్పించకండి, ఎంత అయినవాళ్లయినా సరే. ఆ దేశంలో మీ పేరు పసిపిల్లలాంటిది. దాన్ని పదిమంది చేతుల్లో పెట్టకూడదు.

ఇక చదువు సంగతి. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. ఎక్కువమంది మనసు విరిగేది ఇక్కడే.

నేను వారానికి రెండు సాయంత్రాలు మా ఊరి గ్రంథాలయంలో కొత్తగా వచ్చినవారికి ఫారాలు నింపడంలో, ఉత్తరాలు చదివి చెప్పడంలో సాయం చేస్తుంటాను. అక్కడికి ఒకావిడ వచ్చేవారు. మూలనున్న బల్ల దగ్గర కూర్చుని లావుపాటి పుస్తకాల్లో పసుపురంగు గీతలు గీసుకుంటూ ఉండేవారు. ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఒకరోజు పత్రికలు చదువుకుంటున్న పెద్దాయన ఒకరు కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. మేమంతా కంగారుపడి లేచేలోపలే ఆవిడ అక్కడున్నారు. ఆయన్ని నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టి, మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి, కళ్లు చూసి, చొక్కా గుండీలు విప్పి, ఒకరిని అంబులెన్సుకు ఫోను చేయమని, ఇంకొకరిని తలుపు తెరిచి పట్టుకోమని చెప్పారు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. అంబులెన్సు వాళ్లు వచ్చాక, ఆయన ఎప్పుడు పడిపోయారో, నాడి ఎలా ఉందో రెండు ముక్కల్లో చెప్పారు. వాళ్లలో ఒకతను తల ఎత్తి ‘మీరు డాక్టరా?’ అని అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ‘కాదు, ఇక్కడ చదువుకోవడానికి వస్తాను’ అన్నారు.

11 ఏళ్లు వైద్యం చేసిన మనిషి! తర్వాత నేను అడిగితే అన్నారు, ‘అవునంటే ఎక్కడి డాక్టరు అని అడుగుతారు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ మాట అనకూడదు’ అని. ఆవిడ చెప్పింది సబబే. ఆ సబబే నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

పట్టాల విషయంలో మూడు వేరువేరు సంగతులున్నాయి. మనవాళ్లు వాటిని కలిపేసుకుని దెబ్బతింటారు. మొదటిది, పట్టా అసలుదా కాదా అన్నది. దీనికి అపోస్టిల్ అనే ముద్ర ఉంది. 1961లో హేగ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఒక దేశం వేసిన ఆ ముద్రను ఆ ఒప్పందంలో ఉన్న మిగతా దేశాలు సాధారణంగా ఒప్పుకోవాలి. భారతదేశం 2005లో అందులో చేరింది. అయితే ఆ ముద్ర చెప్పేది ఇంతే: ఈ కాగితం మీది సంతకం, సీలు నిజమైనవి. ఆ చదువు ఎంత విలువైనదో అది చెప్పదు. రెండోది, మీ చదువు అక్కడి ఏ చదువుకు సమానం అన్నది. దీనికి 1997లో లిస్బన్‌లో ఒక ఒప్పందం కుదిరింది. చెప్పుకోదగ్గ తేడా ఉందని చూపించగలిగితే తప్ప విదేశీ చదువును గుర్తించాల్సిందేనని, తేడా ఉందని నిరూపించే బాధ్యత కాదనేవాళ్లదేనని అందులో రాశారు. ఆ తరహాలోనే ప్రపంచమంతటికీ వర్తించేలా యునెస్కో 2019లో ఒక ఒప్పందం చేసింది. అది 2023లో అమల్లోకి వచ్చింది. ఒప్పుకున్న దేశాలకే అవి వర్తిస్తాయి. మూడోది, ఆ వృత్తి చేసుకునే లైసెన్సు. వైద్యులు, నర్సులు, న్యాయవాదులు, టీచర్లు, కొన్నిచోట్ల ఇంజనీర్లు, ఎలక్ట్రీషియన్లు కూడా లైసెన్సు లేనిదే పని చేయకూడదు. చదువును గుర్తించినంత మాత్రాన లైసెన్సు వచ్చినట్టు కాదు. పరీక్షలు, పర్యవేక్షణలో పని, ఫీజులు, ఏళ్లు. కొన్ని దేశాల్లో ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క నియమం.

అందుకని విమానం టిక్కెట్టు కొనేముందే మీ వృత్తికి లైసెన్సు ఇచ్చే సంస్థ ఏదో కనుక్కుని, వాళ్లనే అడగండి. ఏజెంటును కాదు, అక్కడున్న బంధువును కూడా కాదు. మీ కాలేజీ నుంచి పాఠ్యప్రణాళిక, మార్కుల జాబితాలు, ప్రాక్టికల్ గంటల లెక్క సీలు వేసిన కవర్లలో తెచ్చుకోండి. ఒక్క సంతకం కోసం సముద్రాలవతల నుంచి రెండేళ్లు తిరిగినవాళ్లను చూశాను.

అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నా తలుపు తెరుచుకోకపోవచ్చు. ఇది కూడా నేను దాచకూడదు. కెనడాలోని టొరంటో నగరంలో ఫిలిప్ ఓరియోపౌలోస్ అనే ఆర్థికవేత్త వేలకొద్దీ ఊహాజనిత దరఖాస్తులు కంపెనీలకు పంపించి చూశారు. ఆ పరిశోధన 2011లో వెలువడింది. చదువు, అనుభవం ఒకేలా ఉన్నా, ఇంగ్లిషు పేర్లున్న దరఖాస్తులకు వచ్చినన్ని పిలుపులు భారతీయ, పాకిస్తానీ, చైనా పేర్లున్నవాటికి రాలేదు. అనుభవం విదేశాల్లోది అయితే ఇంకా తగ్గాయి. కాబట్టి పిలుపు రాని ప్రతిసారీ లోపం మీలోనే ఉందనుకుని కుంగిపోకండి. చూడకుండానే పక్కన పెట్టినవాళ్ల తప్పును మీరు మోయనక్కర్లేదు.

పేరు అన్నాను కాబట్టి ఒక చిన్న మాట. అమెరికాలోని ఎల్లిస్ దీవిలో 1892 నుంచి 1954 వరకు కోటీ 20 లక్షల మందికి పైగా వలసదారులు దిగారు. అక్కడి అధికారులు నోరు తిరగక జనం పేర్లు మార్చేసేవారని ఒక కథ ఉంది. అది నిజం కాదు. వాళ్ల పని ఓడలో ఎక్కేటప్పుడే రాసిన జాబితాతో పేర్లు సరిచూసుకోవడమే. పేర్లు మార్చుకున్నది చాలావరకు వలస వచ్చినవాళ్లే, తర్వాత, పని కోసం, పిల్లల బడి కోసం. ఎందుకు మార్చుకున్నారో నాకు అర్థమవుతుంది. నేనూ ఆరు నెలలు పొట్టి పేరుతో పనిచేశాను. నన్ను పిలుస్తుంటే పక్కవాళ్లను పిలుస్తున్నట్టుండేది. మార్చుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఎదుటివాళ్లకు నేర్చుకునే అవకాశం ఇవ్వకుండానే మార్చుకోకండి. ఒక్కొక్క అక్షరం నిదానంగా చెప్పండి, రెండోసారి చెప్పండి. నేర్చుకునేవాళ్లు నేర్చుకుంటారు.

కాగితాలు ఉన్నా అవి చెల్లనివాళ్ల గురించి ఇంతసేపు మాట్లాడాం. అసలు కాగితమే లేనివాళ్లున్నారు. మొదటి ప్రపంచయుద్ధం, రష్యా విప్లవం తర్వాత లక్షలమందికి దేశమే లేకుండా పోయింది. వాళ్లకు పూచీ పడటానికి ఏ ప్రభుత్వమూ లేదు. అప్పుడు నానాజాతి సమితి తరఫున ఫ్రిడ్‌ట్యోఫ్ నాన్సెన్ ముందుకొచ్చాడు. ధ్రువప్రాంతాల మంచులో తిరిగిన నార్వే అన్వేషకుడాయన. ఆయన చొరవతో 1922లో ఆ నిరాశ్రయులకు ఒక గుర్తింపు పత్రం ఇచ్చారు. దాన్ని నాన్సెన్ పాస్‌పోర్ట్ అన్నారు. 50కి పైగా దేశాలు దాన్ని ఒప్పుకున్నాయి. చిత్రకారుడు మార్క్ షగాల్, సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ అలాంటి కాగితంతో బతికినవాళ్లే. ఒకే ఒక్క కాగితం, దాని మీద ‘ఈ మనిషి ఉన్నాడు’ అని ఒకరి మాట. ఆ మాట ఎంత విలువైనదో, మంచి పాస్‌పోర్ట్ చేతిలో ఉన్న మనం మరిచిపోకూడదు.

భాష గురించి. భాష రాకపోవడం ఒక కష్టం, వచ్చి కూడా చాలకపోవడం ఇంకో కష్టం. నాకు ఆ భాష చదవడం, రాయడం బాగానే వచ్చు. కానీ పదిమంది కూర్చుని మాట్లాడుకుంటుంటే, నేను చెప్పదలచుకున్నది మనసులో కూర్చుకునేలోపల మాట ఇంకెక్కడికో వెళ్లిపోయేది. మన భాషలో నలుగురినీ నవ్వించగల మనిషి అక్కడ మొద్దులా కూర్చుంటాడు. ఎదుటివాళ్లు మనల్ని తక్కువ అంచనా వేయడం ఒక ఎత్తు. కొన్నాళ్లకు మనమే ఆ అంచనాను నమ్మడం మొదలుపెడతాం చూడండి, అది ఇంకో ఎత్తు. దానికి లొంగకండి. మీ తెలివి ఎక్కడికీ పోలేదు, దానికి ఇంకా నోరు రాలేదు, అంతే.

ఈ విషయంలో పిల్లల గురించి చెప్పి తీరాలి. ఒకసారి ఒక తల్లిని, ఆమె పదేళ్ల కొడుకును కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాను. నాకు వాళ్ల భాష రాదు, ఆమెకు డాక్టరు భాష రాదు. పిల్లవాడికి రెండూ వచ్చు, బడిలో నేర్చుకున్నాడు. డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడారు. రొమ్ములో గడ్డ లాంటిది కనిపించిందని, అది ఏమిటో తేల్చడానికి ముక్క తీసి పరీక్ష చేయాలని, ఆలస్యం చేయవద్దని. పిల్లవాడు తల్లివైపు తిరిగి నాలుగే నాలుగు మాటలు అన్నాడు. ఆమె తల ఊపి చిరునవ్వు నవ్వింది. నాకు అనుమానం వచ్చింది. వరండాలోకి తీసుకెళ్లి ‘అమ్మకు ఏమని చెప్పావు నాన్నా?’ అని అడిగాను. ‘మళ్లీ రమ్మన్నారని చెప్పాను’ అన్నాడు. చొక్కా అంచును వేలికి చుడుతూ, విప్పుతూ ఉన్నాడు. ‘మిగతాది చెబితే అమ్మ ఏడుస్తుంది’ అన్నాడు.

వెంటనే లోపలికి వెళ్లి దుబాసీ కావాలని అడిగాను. ఫోనులో ఒకావిడను కలిపారు. పది నిమిషాల పని. అడగకపోతే ఎవరూ ఇచ్చేవారు కాదు. అమెరికాలో 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రాణాపాయం లాంటి అత్యవసరం ఉంటే తప్ప ఆసుపత్రులు పిల్లల్ని దుబాసీలుగా వాడుకోకూడదు. చాలా దేశాల్లో ఆసుపత్రులు, కోర్టులు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేస్తాయి. మీరు వెళ్లే దేశంలో ‘నాకు దుబాసీ కావాలి’ అన్న ఒక్క వాక్యం అన్నిటికంటే ముందు నేర్చుకోండి. పదేళ్ల పిల్లవాడి భుజాల మీద అంత బరువు పెట్టే హక్కు మనకెవరికీ లేదు.

మరి పూచీ పడేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? మనవాళ్ల దగ్గరే అని మనసు చెబుతుంది. కొంతవరకు నిజం. వలసదారులు వెళ్లిన ప్రతిచోటా ఒకరికొకరు పూచీ పడి నిలబడ్డారు. బ్యాంకులు గుమ్మం తొక్కనివ్వని రోజుల్లో నెలకు ఇంత అని వేసుకుని, ఆ మొత్తాన్ని వంతులవారీగా తీసుకుని దుకాణాలు పెట్టుకున్నారు. మనం చిట్టీ అంటాం. మెక్సికో వాళ్లు తాండా అంటారు, కొరియా వాళ్లు కే అంటారు, కరీబియన్ దీవుల వాళ్లు సూసూ అంటారు. అందులో పత్రం ఉండదు, మాటే పత్రం. మోసపోయినవాళ్లూ ఉన్నారు, కానీ లక్షల కుటుంబాలు కాళ్లు నిలదొక్కుకున్నది అలాగే.

అయితే మనవాడు కదా అన్న నమ్మకాన్నే పెట్టుబడిగా పెట్టుకునేవాళ్లు కూడా ఉంటారు. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడు, భద్రంగా దాస్తానని పాస్‌పోర్ట్ తీసుకునేవాడు మన భాషలోనే మాట్లాడవచ్చు. పని ఇప్పించినందుకు పనివాడి దగ్గర రుసుము వసూలు చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన ఒప్పందం చెబుతోంది. మనిషి గుర్తింపు పత్రాలను లాగేసుకోవడాన్ని వెట్టిచాకిరీ లక్షణాల్లో ఒకటిగా ఆ సంస్థ లెక్కిస్తుంది. మీ పాస్‌పోర్ట్ మీ దగ్గరే ఉండాలి. దాని నకళ్లు ఇంటి దగ్గర ఒకరి వద్ద ఉండాలి. ఈ మాట రెండుసార్లు చెప్పమన్నా చెబుతాను.

మనవాళ్ల మధ్యే ఉండిపోవడంలో ఇంకో చిక్కు ఉంది. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగి చూశారు. ఆ పరిచయస్తుణ్ణి తరచూ కలుస్తుండేవాళ్లమని చెప్పినవాళ్లు ఆరుగురిలో ఒక్కరే. మిగతా అందరికీ ఎప్పుడో అప్పుడప్పుడు కలిసే మనిషి ద్వారానే కబురు అందింది. 1973లో ఆయన ఈ సంగతి రాశారు. కారణం తేలికైనదే. మన ఆప్తులకు తెలిసినవి మనకూ తెలుసు. మనకు తెలియనివి తెలిసేది దూరపు పరిచయాలకే. కొత్తగా వెళ్లినవాడికి లేనివి కూడా అవే. నా అనుభవం కూడా అదే. నాకు రెండో ఉద్యోగం సంగతి చెప్పింది బస్‌స్టాపులో రోజూ పలకరింపుగా తల ఊపే ఒక మనిషి. ఎనిమిది నెలలు తల ఊపాక ఒకరోజు ‘మీరు ఏం చేస్తుంటారు?’ అని అడిగాడు. ఒకే బస్సు, ఒకే వేళ, ఒకే గ్రంథాలయం. పదేపదే ఒకేచోట కనిపిస్తూ ఉండండి. మొహం అలవాటయ్యాక మాట దానంతటదే వస్తుంది.

చివరగా, బెంగ గురించి. 1688లో యొహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి, ఇంటికి దూరంగా ఉన్న స్విస్ జాతీయులు చిక్కిశల్యమైపోవడం గమనించి, ‘నాస్టాల్జియా’ అనే మాట పుట్టించాడు. ఇంటికి తిరిగి చేరడం, బాధ అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపాడు. ఆయన దాన్ని రోగంగానే రాశాడు. మనకు ఏనాటి నుంచో బెంగ అనే మాట ఉంది. బెంగ పెట్టుకున్న పిల్లవాణ్ణి మనం తిట్టం, దగ్గరికి తీసుకుంటాం. పెద్దవాళ్లకు కూడా ఆ హక్కు ఉంది. తట్టుకోలేనంత అయితే తిరిగి వచ్చేయవచ్చు. వలసల తీరు మీద 1885లో రాసిన రావెన్‌స్టైన్, ప్రతి వలస ప్రవాహానికీ ఎదురు ప్రవాహం ఒకటి ఉంటుందని అప్పుడే చెప్పాడు. తిరిగొచ్చినవాణ్ణి ఓడిపోయినవాడిగా చూడకండి. మీరే అలా తిరిగొస్తే, తలదించుకోకండి.

నేను వెళ్లిన రెండో ఏడు మా నాన్నగారు పోయారు. తెల్లవారుజామున ఫోను వచ్చింది. సమయానికి చేరుకునే దారి లేదు. మర్నాడు ఉద్యోగానికి వెళ్లాను, ఇంకేం చేయాలో తెలియక. అందరూ మంచిగానే మాట్లాడారు. కానీ ఆ దేశం మొత్తంలో మా నాన్నగారిని చూసిన మనిషి నేనొక్కడినే. ఆయన ఎలా దగ్గేవారో, తాళంచెవి ఎక్కడ పెట్టి మరిచిపోయేవారో తెలిసినవాళ్లు ఇంకొకరు లేరు. ఏడవడానికి కూడా తోడు ఉండాలని ఆ రోజు తెలిసింది నాకు.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. ఒంటరి మనిషి. అప్పటివరకు మా ఇద్దరి మధ్యా వాతావరణం గురించి తప్ప మాట లేదు. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఉంటే చూసి, వచ్చి పక్కన కూర్చున్నారు. సంగతి చెప్పాను. ఓదార్పు మాటలేవీ అనలేదు ఆవిడ. ‘ఆయన ఎలా ఉండేవారు?’ అని అడిగారు. నా వచ్చీరాని మాటల్లో చీకటి పడేదాకా చెప్పాను. మధ్యమధ్య ఆవిడ ప్రశ్నలు అడిగారు. లేచి వెళ్లేటప్పుడు మా నాన్నగారి పేరు ఒకసారి పలికి, సరిగ్గానే అన్నానా అని అడిగారు.

మర్నాడు నేను ఆఫీసుకు వెళ్లి ఆ పెన్సిలు రాత చెరిపించి, ఆవిడ పేరు రాయించాను. ఆవిడ ఒప్పుకున్నాకే.

మరో మూడేళ్లకు ఒక ఉదయం ఆవిడ నా తలుపు తట్టారు. చేతిలో ఏదో ఫారం ఉంది. మోకాలి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరుతున్నానన్నారు. ఒక గడి మీద వేలు పెట్టి చూపించి, ‘ఇక్కడ నీ పేరు రాయవచ్చా?’ అని అడిగారు. పుట్టినప్పటి నుంచీ ఆ ఊళ్లోనే ఉన్న మనిషి. రాయండి అన్నాను. కళ్లద్దాలు సర్దుకుని, ఫారం గోడకు ఆనించి పట్టుకుని, ‘పూర్తి పేరు చెప్పు, తొందరేమీ లేదు’ అన్నారు. నేను ఒక్కొక్క అక్షరమే చెప్పాను. ఆవిడ రాసుకున్నారు.